గుర్రం ఎడమ, ఎద్దు కుడి

నా చేత్తో చెక్కిన మూడు సింహాల ముద్రలు రెండు వందల పద్దెనిమిది. ఇత్తడివి నూట నలభై ఒకటి, రబ్బరువి డెబ్బై ఏడు. ఏ తేదీన, ఏ ఆఫీసుకు, ఏ ఉత్తర్వు కాగితం చూసి ఇచ్చానో రాసుకున్న పుస్తకం నా దగ్గర ఉంది. ప్రతి వరుస పక్కనా ఆ ముద్ర అచ్చు కూడా వేసి ఉంచాను. రెండు వందల పంతొమ్మిదో వరుసలో మాత్రం ముద్ర లేదు. అక్కడ ఏముందో, ఎందుకుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నాకు డెబ్బై నాలుగేళ్ళు. నా గురించి వేరేవాళ్ళు చెప్పుకునేలోపు నేను చెప్పుకోవడం మంచిది.

మా దుకాణం ఒడియా నేల మీద, జయపురంలో, కచేరీకి నాలుగు అడుగుల దూరంలో ఉంది. మా తాత విజయనగరం వైపు నుంచి వచ్చి ఎస్టేటు కచేరీకి లక్క ముద్రలు చెక్కేవాడని అంటారు. ఆ ముద్రల మీద ఏ బొమ్మ ఉండేదో నేను చూడలేదు కాబట్టి రాయను. మా నాన్న చెక్కినవి చూశాను. పని కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మా తమ్ముడికి ఈ పని మీద మనసు లేకపోయింది. నాకు ఉంది. పెళ్ళయిన మూడో ఏటికే పుట్టింటికి తిరిగి వచ్చాను. ఆ కథ వేరు. ఉలి పట్టిన దగ్గర నుంచి నన్ను ఎవరూ ఏమీ అనలేదు, అన్నా నాకు వినిపించలేదు.

ఈ ముద్ర సంగతి కొంచెం చెప్పాలి. దీన్ని మన దేశం తీసుకున్నది 1950 జనవరి ఇరవై ఆరున. సారనాథ్‌లో అశోకుడు నిలబెట్టిన స్తంభం తల ఇది. నాలుగు సింహాలు వీపులు ఆనించుకుని నాలుగు దిక్కులకూ చూస్తుంటాయి. కాగితం మీద మూడే కనిపిస్తాయి. వాటి కాళ్ళ కింద ఒక పీట. పీట మధ్యలో చక్రం, దానికి ఇరవై నాలుగు ఆకులు. మనం ఎదురుగా నిలబడి చూస్తే చక్రానికి ఎడమ పక్క పరుగెత్తే గుర్రం, కుడి పక్క ఎద్దు. పీట రెండు చివర్లా మరో రెండు చక్రాల అంచులు. అసలు స్తంభానికి పీట కింద గంటలా బోర్లించిన తామర పువ్వు ఉంది. ముద్రలో దాన్ని వదిలేశారు. పీట కింద దేవనాగరి అక్షరాల్లో సత్యమేవ జయతే. ఆ అక్షరాలు లేకుండా సింహాలను మాత్రమే వేస్తే అది ముద్ర కాదు, ఉత్త బొమ్మ.

చిన్న ముద్రలో ఇరవై నాలుగు ఆకులు పట్టవు. చాలామంది పన్నెండు చెక్కి ఊరుకుంటారు, ఎనిమిదితో సరిపెట్టినవాళ్ళను కూడా ఎరుగుదును. నేను బొటనవేలి గోరంత చక్రంలో కూడా ఇరవై నాలుగూ చెక్కాను. అందుకే నా ముద్ర ఎక్కడ కనిపించినా గుర్తుపడతాను. సింహం ముఖం దగ్గర మాత్రం మా నాన్న చేత చాలా తిట్లు తిన్నాను. మా వైపు గుడి గుమ్మాల ముందు కూర్చునే సింహాలకు గుడ్లు పెద్దవి, నాలుక బయటికి ఉంటుంది. మొదట్లో నా చేతికి అవే వచ్చేవి.

"కోపంగా సెక్కీకమ్మీ," అనేవాడు నాన్న. "కోపమున్నోడికి ముద్రేల? కర్ర సాలు."

ముద్ర చెక్కేవాళ్ళకు అన్నీ తిరగేసి ఉంటాయి. కాగితం మీద ఎడమకు రావలసింది ఇత్తడి మీద కుడికి చెక్కాలి. అక్షరాలు కుడి నుంచి ఎడమకు, అద్దంలో కనిపించినట్టు చెక్కాలి. ఒడియా, తెలుగు, ఇంగ్లీషు, దేవనాగరి నాలుగూ నేను తిరగేసి రాయగలను. తిరగేసి ఉన్నదాన్ని తడుముకోకుండా చదవగలను. యాభై ఏళ్ళు నా చేతి కింద ఉన్న గుర్రం కుడి పక్కనే ఉంది. కాగితం మీద అచ్చు పడ్డాక చూసేది సిరా సమంగా అంటిందా, ఆకులు పూడిపోయాయా అని మాత్రమే. గుర్రం ఎటు ఉందో ఒక్కసారీ చూసి ఉండను. ఎందుకు చూస్తాను, అది అదే మారుతుంది కదా.

పదవిలో ఉన్నట్టు ఉత్తర్వు కాగితం లేనిదే సింహాలు చెక్కకూడదని దుకాణం గోడ మీద రాసుకున్న నియమం నాకు నేను పెట్టుకున్నది. దానికి కారణం ఒకామె. నాకు ముప్పై మూడో ఏడు. కాశీపూర్ వైపు కొండ ఊరి నుంచి దేశియా, అంటే ఇక్కడి కొండ భాష, మాట్లాడే ఒకామె సంతకు వచ్చి, ఎవరో చెబితే మా దుకాణానికి వచ్చింది. చీర కొంగులో నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి నా ముందు పెట్టింది. సర్కారు కాగితం, సింహాలు ఉన్నాయి చూడు, అందుకే వేలిముద్ర వేశాను, మరి ఇప్పుడు మా చింతచెట్లు మావి కావంటున్నారేమిటి అని అడిగింది. భూతద్దం పెట్టి చూశాను. చక్రంలో ఇరవై నాలుగు ఆకులున్నాయి. ఆ ముద్ర నాదే. రెండేళ్ళ ముందు ఒకాయన పదవిలో ఉండగా చేసి ఇచ్చాను. పదవి పోయింది, ముద్ర ఆయన దగ్గరే ఉండిపోయింది. కాగితంలో సర్కారు మాట ఒక్కటీ లేదు. అది ఆయన సొంత ఒప్పందం.

చదువు వచ్చినవాళ్ళు అక్షరాలు చదువుతారు, రానివాళ్ళు సింహాలను చదువుతారు. ఈ సంగతి ఆ రోజు దాకా నాకు తెలియదు. ఆమెను వెంటబెట్టుకుని వకీలు దగ్గరికి వెళ్ళాను, నేనే సాక్ష్యం చెప్పాను. పన్నెండు చెట్లలో ఏడు తిరిగి వచ్చాయి. మిగిలిన అయిదు అప్పటికే కొట్టేశారు.

ఆ తర్వాత చాలా కాలానికి, రెండు వేల అయిదులో గట్టి చట్టం వచ్చింది, రెండు వేల ఏడులో దాని నియమాలు వచ్చాయి. పదవి దిగిపోయినవాళ్ళు ఎంత పెద్దవాళ్ళయినా ఈ ముద్ర వాడకూడదని అందులో ఉంది. వకీలు చదివి వినిపిస్తే నాకు నవ్వు వచ్చింది. నా గోడ మీద ఇరవై ఏళ్ళుగా ఉన్న మాటే అది.

ఇక నేను మాజీ గారు అనే ఒకాయన సంగతి, చింతచెట్లాయన వేరు. ఆయన మా వాడే, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన వర్తకుల ఇంటివాడు, నాకన్నా పన్నెండేళ్ళు చిన్న. కాశీపూర్ గనుల దారిలో లారీలు తిప్పుతాడు. అయిదేళ్ళు ఒక పదవిలో ఉండి దిగాడు. దిగిన దగ్గర నుంచి ఎనిమిదేళ్ళలో పదకొండుసార్లు మా దుకాణం మెట్లెక్కాడు. ప్రతిసారీ ఒకటే కోరిక. మా వైపు అక్కను అప్ప అంటారు. ఆయన నన్ను అలాగే పిలుస్తాడు.

"అప్పా, ఓ సిన్న లక్క ముద్ర. బొటనేలంత సాలు."

"నీ పదవి ఎప్పుడైపోనాది?"

"పదవి పోతే మడిసి పోతాడేటి?"

"మడిసి పోడు. సింహాలు పోతాయి."

"కింద మాజీ అని రాసుకుంటాను కదా."

"మాజీ సింహాలు నాను సెక్కను."

ఆయన నవ్వేవాడు, టీ తాగేవాడు, వెళ్ళేవాడు. ఒకసారి నా పుస్తకం తీసి అచ్చులన్నీ చూపించి, ఇందులో ఉత్తర్వు లేకుండా ఒక్కటి చూపించు, నీకూ ఇస్తాను అన్నాను. గంటసేపు కూర్చుని పేజీలన్నీ తిప్పి వెళ్ళాడు. వేరేచోట చేయించుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. చేయించుకున్నాడు కూడా. కానీ కోరాపుట్, రాయగడ, ఈ రెండు జిల్లాల పాత గుమాస్తాలకు నా చక్రం తెలుసు. ఆకులు లెక్కపెట్టి, తక్కువని ఆ కాగితాలు పక్కన పెట్టేశారట.

రెండు వేల ఇరవై నాలుగు డిసెంబరు రెండో తేదీ, సోమవారం, టికిరి దగ్గర ఒక బడి పెద్ద టీచరమ్మ వచ్చింది. రాయగడ తెలుగింటి పిల్ల, నన్ను పిన్నీ అంటుంది. రిపబ్లిక్ దినానికి బడి గేటు మీద మూడు సింహాలు వేసి పెట్టమంది. గేటు మీద వేయకూడదని చెప్పాను. ముఖం చిన్నబుచ్చుకుంది.

"మరి పిల్లలకి ఎలా తెలుస్తాది పిన్నీ? నోటు మీద సింహాలున్నాయని తెలుసు గానీ, పీట మీద గుర్రం ఉందని ఒక్కళ్ళకీ తెలీదు."

పాఠంలో భాగంగా, ఏది ఏమిటో వివరించడానికి బొమ్మ వేసుకోవచ్చని వకీలు చెప్పాడు. అందుకని తరగతి గదిలో పెట్టుకునే బోర్డు వేస్తానని ఒప్పుకున్నాను. నాలుగడుగులు, మూడడుగులు ప్లైవుడ్. డిసెంబరు అయిదున మొదలుపెట్టి పంతొమ్మిదిన ముగించాను. గీతలు పెట్టి పక్కన ఒడియాలో సింహం, చక్రం, గుర్రం, ఎద్దు అని పేర్లు రాశాను. కింద దేవనాగరి అక్షరాలను, పైన అసలు ముద్ర అచ్చయిన ఒక పాత ఉత్తర్వు కాగితం ఎదురుగా పెట్టుకుని చూసి రాశాను, ఎందుకంటే వాటిని తిన్నగా రాయడం నాకు అలవాటు లేదు. జంతువులకు ఏ కాగితమూ పెట్టుకోలేదు. యాభై ఏళ్ళు చెక్కినదానికి కాగితం ఎందుకు?

మా మేనకోడలు ఇప్పుడు దుకాణం చూస్తోంది. కంప్యూటరు మీద అచ్చు వేసి, మిషన్లో పెట్టి పది నిమిషాల్లో స్టాంపు తీస్తుంది. బోర్డు ఆటోలోకి ఎక్కిస్తూ, "బాగుందత్తా. సింహాలు మన తాతలా ఉన్నాయి," అంది. అంతకు మించి అదీ చూడలేదు.

జనవరి పదహారు, గురువారం, పదకొండు గంటలకు మాజీ గారు పన్నెండోసారి మెట్లెక్కాడు. ఎప్పుడూ లేనిది, టీ వద్దన్నాడు.

"గుర్రం ఏటేపుండాల అప్పా?"

"ఎడం."

"ఎద్దు?"

"కుడి. పరీచ్చ పెడతన్నావేటి?"

ఫోను నా ముందు పెట్టాడు. అది నా బోర్డు ఫోటో. లారీల వాళ్ళ సంఘం తరఫున బడి పిల్లలకు స్వెట్టర్లు పంచడానికి వెళ్ళాడట. నేను చూశాను. నాకు ఏ తప్పూ కనిపించలేదు.

"బాగానే ఉంది కదా," అన్నాను.

"బాగానే ఉందా? నీ పుస్తకం తియ్యి."

తీశాను. రెండు వందల పద్దెనిమిదో అచ్చు పక్కన ఫోను పెట్టాడు. అచ్చులో గుర్రం ఎడమ పక్క, ఫోటోలో కుడి పక్క. నేను చూపుడువేలితో లెక్కపెట్టాను. సింహాలు ఇక్కడ మూడు, అక్కడ మూడు. ఆకులు ఇరవై నాలుగు, ఇరవై నాలుగు. గుర్రం ఒకటి, ఎద్దు ఒకటి, చివర చక్రాలు రెండేసి. కూడికలో ఎక్కడా తేడా లేదు. తిరగేస్తే లెక్క మారదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి లెక్క సరిపోతే పని సరిపోయిందని నమ్మినదాన్ని. ఆ తప్పు నా లెక్కల సందులోంచి దూరి నాలుగడుగుల బోర్డంతా కూర్చుంది. అక్షరాలు తిరగబడితే గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. గుర్రం తిరగబడితే అదీ గుర్రమే కదా.

"ఎవరు పట్టేరు?" అని అడిగాను.

"నానే. ఎనిమిదేళ్ళు నాకు దొరకని బొమ్మ అప్పా అది. నాకు కంఠతా వచ్చు."

ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో వెటకారం లేదు. నిజమే చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఇరవై ఆరో తేదీకి బ్లాకు ఆఫీసరు వస్తాడు. సూత్తాడు. ఈ ముద్రతో ఆటలాడితే రెండేళ్ళు జైలని నాకు సదివి వినిపించింది నువ్వే. నీ పేరు ఈ రెండు జిల్లాల్లో ఏటని? ఆకు తప్పదు, గీత తప్పదు అని. అది పోతాది. ఆ టీచరమ్మ కూడా మాట పడతాది. నా దగ్గరో పెయింటరున్నాడు. ఆదివారం బడి మూసుంటాది కదా, ఎల్లి మార్చేత్తాడు. నీకూ నాకూ తప్ప తెలీదు. నాకు బొటనేలంత ముద్ర సెక్కియ్యి. అంతే."

మేనకోడలు కంప్యూటరు ముందు కదలకుండా కూర్చుంది.

"ముద్ర ఇవ్వను," అన్నాను. "ఫోటో నీ ఇష్టం. ఎవులికి సూపిస్తావో సూపించుకో."

"పది రోజులుంది. ఆలోచించుకో."

"ఎనిమిదేళ్ళయింది ఆలోచించి."

ఆయన వెళ్ళాక దుకాణం తలుపు మూసేశాను. కోపం వల్ల అని రాస్తే బాగుంటుంది, కానీ భయం వల్లే. మేనకోడలు వచ్చి నా పక్కన కూర్చుంది.

"అత్తా, ఆడి పెయింటరెందుకు? ఆదివారం మనమే ఎల్లి మార్చేద్దాం. టీచరమ్మ తాళమిస్తాది. సోమారం నుంచి గుర్రం ఎడం పక్కే ఉంటాది. ఆడి ఫోటో అబద్ధమైపోద్ది."

నాకు ఆ మాట నచ్చింది. దాచుకోవడం ఎందుకు, చాలా నచ్చింది. ముద్ర ఇవ్వక్కర్లేదు, పేరు పోదు. వెంటనే టీచరమ్మకు ఫోను చేశాను. ఆదివారం బడి తాళం దొరుకుతుందా, బోర్డుకు ఒక పూత వేయాలి అన్నాను. అది అబద్ధం. చెప్పానని ఒప్పుకుంటున్నాను.

ఆమె సంతోషంగా ఉంది. "ఎప్పుడైనా రండి పిన్నీ. మీ బోర్డు చూసి పిల్లలందరి చేతా బొమ్మ వేయించేను. నలభై ఆరు నోటుబుక్కులు. ఇరవై ఆరుకి వరండాలో పెడతాను. చూడాలి మీరు, ఒక్క పిల్ల కూడా గుర్రం చోటు తప్పలేదు."

ఫోను పెట్టేశాను. నలభై ఆరు. ముద్ర చేసే పనే ఇది. ఒకసారి చెక్కితే వేసిన చోటల్లా అదే పడుతుంది. బోర్డును ఆదివారం మార్చవచ్చు, నలభై ఆరు పుస్తకాలను మార్చలేను. మార్చాలంటే ముందు చెప్పాలి. చింతచెట్ల కాగితం తెచ్చిన ఆమె గుర్తొచ్చింది. ఆమె ముందు ఆ రోజు ఈ ముద్ర నాదే అని ఒప్పుకున్నాను కాబట్టే ఏడు చెట్లయినా వచ్చాయి.

"ఆదివారం వద్దు," అన్నాను మేనకోడలితో. "సోమారం. పిల్లలున్నప్పుడు. మాజీకి ఫోన్లో రాయి. పదకొండు గంటలకి టికిరి బడికి రమ్మను. తప్పు పట్టింది ఆయన, సెప్పేటప్పుడు ఆయనుండాల."

"ఆడినా? పిలుస్తావా?"

"ఆడినే."

"నీకు మతి పోనాది అత్తా."

"రాయమ్మీ. తేదీ, టైము సరిగ్గా రాయి."

జనవరి ఇరవై, సోమవారం, తెల్లవారుతూనే జయపురంలో బస్సెక్కి, కోరాపుట్‌లో రైలు పట్టుకున్నాం. ఆ దారిలో సొరంగాలు ఎన్నో నాకు వరుసగా తెలుసు, ఎప్పుడు వెళ్ళినా లెక్కపెడతాను. ఆ రోజు మధ్యలో లెక్క తప్పింది. మేనకోడలి ఒళ్ళో రంగు డబ్బాలు, నా చేతి సంచిలో ఉత్తర్వు కాగితం, ఒక చేతి అద్దం, రెండు ఉత్తరాలు. బోర్డు మీద తప్పు నాది, టీచరుకు దానితో సంబంధం లేదు అని ఒడియాలో రాసి సంతకం పెట్టాను. ఒకటి టీచరమ్మకు, ఒకటి బ్లాకు ఆఫీసుకు.

టీచరమ్మకు విషయం చెబితే మొదట నమ్మలేదు. ఉత్తర్వు కాగితం పక్కన పెట్టి చూపిస్తే ఏడుపు ముఖం పెట్టింది.

"పిన్నీ, మెల్లగా సరిచేసేద్దాం. అందరికీ ఎందుకు? నా మీదకొస్తాది."

"నీ మీదకి రాకుండా కాగితం రాసేను. ఇది నీ దగ్గరుంచుకో. రెండోది ఆఫీసుకి నువ్వే పంపు, ఇరవై ఆరు కంటే ముందు."

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. మడత పెట్టి బీరువాలో పెట్టింది. అప్పుడు పిల్లలను పిలిచింది.

నలభై ఆరుగురూ నేల మీద కూర్చున్నారు. మాజీ గారి బండి పదకొండుకు అయిదు నిమిషాలు ఉందనగా వచ్చింది. వస్తాడని నేనూ అనుకోలేదు. గుమ్మంలో నిలబడి ఫోను చేతిలో పట్టుకున్నాడు. నేను ఏం చేస్తానో తెలియక వచ్చాడని ఆయన కళ్ళు చెబుతున్నాయి.

నేను ఒడియాలో మాట్లాడాను, మధ్యమధ్య దేశియా మాటలు కలిపి. ఈ బోర్డు వేసింది నేను, ఇందులో ఒక తప్పు ఉంది, ఎవరైనా చెబుతారా అని అడిగాను. ఆకులు లెక్కపెట్టారు. సింహాల మీసాలు లెక్కపెట్టారు. సత్యమేవ జయతే చదివారు. ఎవరూ చెప్పలేదు. అప్పుడు మేనకోడలు అద్దాన్ని బోర్డుకు ఎదురుగా పట్టుకుంది, నేను ఉత్తర్వు కాగితాన్ని అద్దం పక్కన పెట్టాను. అద్దంలో బొమ్మ, కాగితం మీద బొమ్మ ఒకేలా ఉన్నాయి. అద్దంలో అక్షరాలు మాత్రం తిరగబడ్డాయి. ముందు వరుసలో ఒక పిల్ల నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. నవ్వనిచ్చాను. యాభై ఏళ్ళు ఇత్తడి మీద ఇలాగే చెక్కాను, నా చెయ్యి దాన్నే నిజమనుకుంది, నేను సరిచూసుకోలేదు, అది నా తప్పు అని చెప్పాను. మీ నలభై ఆరు పుస్తకాల్లోనూ ఆ తప్పు నాదే, మీది కాదు అన్నాను.

"దీన్ని పట్టుకున్నది ఈయన," అని గుమ్మం వైపు చూపించాను. "ఇన్ని రోజుల్లో ఎవరూ పట్టలేదు. ఈయన పట్టారు."

పిల్లలు చప్పట్లు కొట్టారు. మాజీ గారికి నమస్కారం పెట్టక తప్పలేదు. ఫోను జేబులో పెట్టుకుని మరీ పెట్టాడు.

బోర్డు మార్చడానికి మూడు గంటలు పట్టింది. పీటంతా, పక్కన గుర్రం, ఎద్దు పేర్ల మీదా తెల్లరంగు పూసి, ఆరనిచ్చి, మళ్ళీ వేశాను. సింహాలను కదపలేదు. ఈసారి కాగితం ఎదురుగా ఉంది, మేనకోడలు పక్కన నిలబడి గుర్రం దగ్గర ఒకసారి, ఎద్దు దగ్గర ఒకసారి "ఎడం", "కుడి" అని గట్టిగా చెప్పింది. పిల్లలు కొత్త పేజీలో మళ్ళీ గీశారు. నేను నలభై ఆరూ చూసి, ఒక్కొక్కదాని కింద చిన్న టిక్కు పెట్టాను.

మాజీ గారు అంతసేపూ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను చేతులు కడుక్కోవడానికి బోరింగు దగ్గరికి వెళితే ఆయనే వచ్చి చేతిపిడి కొట్టాడు.

"ఇంక నీకు భయమేటీ లేదన్నమాట."

"ఉంది. సన్న గీతలు కనపడతం లేదు. ఏడాదై ఎవులికీ సెప్పలేదు. ఇప్పుడు నీకు సెప్పేసేను. ఇంకేటుంది నీ దగ్గర?"

ఆయన పిడి కొట్టడం ఆపాడు. మళ్ళీ కొట్టాడు.

"మరి నా ముద్ర?"

"ఓట్లడుగు. గెలువు. ఉత్తర్వు కాగితం తే. ఆరోజుకి నా కళ్ళు పోయినా మా మేనకోడలు సేస్తాది. ఇరవై నాలుగు ఆకులూ వస్తాయి."

"ఓడిపోతేను?"

"టీ తాగడానికి రా."

బ్లాకు ఆఫీసరు ఇరవై ఆరున వచ్చాడట. నా ఉత్తరం ఆయనకు ముందే అందింది. బోర్డు చూశాడు, గుర్రం ఎటు ఉందో పిల్లలనే అడిగాడు. నలభై ఆరు గొంతులు ఎడమ అన్నాయట. టీచరమ్మ ఫోన్లో చెప్పింది. నా మీద ఇప్పటిదాకా ఏ కాగితమూ రాలేదు. వస్తే వెళతాను. పుస్తకం పట్టుకుని వెళతాను.

ఆ పుస్తకంలో ప్రతి వరుసకూ అచ్చు ఉండాలి. అందుకని ముందు వరుసలో నవ్విన పిల్లను అడిగి, ఆమె పాత బొమ్మ ఉన్న పేజీ తీసుకున్నాను. గుర్రం కుడి పక్క ఉన్నదే. దాన్ని రెండు వందల పంతొమ్మిదో వరుసలో అంటించి, తేదీ వేసి, కింద రాశాను: తప్పు. వేసింది నేను. పట్టింది మాజీ. సరిచేసింది నేను, నలభై ఆరుగురి ముందు.

రెండు వందల ఇరవయ్యో వరుస ఖాళీగా ఉంది. అంకె వేసి ఉంచాను.